బయటి గొళ్లెం

“పది పరీక్షలంటే మనిషిని గొడ్డులెక్క కట్టేస్తరా? ఇది ఇల్లా, జైలా? రేపు పరీక్ష ఖరాబైతే మీరే జిమ్మేదారు, చెప్తున్న.”

రంజిత్ అరచేత్తో తలుపును దబదబా బాదాడు. బయట గొళ్లెం గలగలలాడింది. ఊడలేదు.

“చెయ్యి నొస్తది బిడ్డా, ఆపు,” అంది తల్లి సుగుణమ్మ. తలుపు అవతల మేడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది ఆవిడ. “కిటికీల ఉప్మా పెట్టిన. ఆరిపోతున్నది, తిను.”

ఉప్మా ఎవడిక్కావాలి? ఈరోజు ఆదివారం. రేపు పొద్దున లెక్కల పరీక్ష. ఈ పూట బయటికి పోయి చక్కబెట్టాల్సిన పనులు బోలెడున్నాయి. పొద్దున లేచి చూస్తే బయట గొళ్లెం. ఫోన్ లేదు. టీవీ వైరు లేదు. బండి తాళంచెవి సుగుణమ్మ కొంగుముడిలో ఉంది. ఇంట్లో ఆడవాళ్లంతా ఒకటయ్యారు.

ఈ ఆలోచన దీక్షితది. ఇంట్లో ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడని పిల్ల.

శనివారం ఇంగ్లిషు పరీక్ష అయింది. ఆ సాయంత్రం రంజిత్ ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చుని బిట్టు బిట్టూ లెక్కగట్టాడు. మార్కులు పోయాయని తేలింది. అన్నం కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. ఇక ఎవరి నోట్లోకీ ముద్ద పోలేదు. దీక్షిత వంగి మెతుకులన్నీ ఏరింది. చేతులు కడుక్కుని వచ్చి సుగుణమ్మ చెవిలో ఏదో చెప్పింది. తెల్లారేసరికి గొళ్లెం పడింది.

“గింత శిక్ష ఏస్తరా? నేనేం తప్పు చేసిన?”

“ఏం చేసినవా? పరీక్ష గాకముందే చౌరస్తాల ఫ్లెక్సీ కట్టించుకున్నోడు దునియాల నువ్వొక్కనివే.”

“నేను కట్టియ్యలే. ఉదయ్‌భాస్కర్ గాడు కట్టిచ్చిండు.”

“ఫొటో ఎవరిచ్చిండ్రు?”

రంజిత్ తలుపు దగ్గర్నించి కిటికీ వైపు జరిగాడు.

మొయినాబాద్‌లో మెహిదీపట్నం బస్సులు ఆగే చోట ఉంది ఆ ఫ్లెక్సీ. ‘పదికి పది జీపీఏ సాధించబోతున్న శుభ సందర్భంగా ముందస్తు శుభాకాంక్షలు’. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, దండం పెడుతూ నిలువెత్తు రంజిత్. కింద వరసగా దోస్తుల మొహాలు. ఓ మూలన, బస్సెక్కేవాడికి కనపడీ కనపడనంత, దీక్షిత ఫొటో.

కట్టిన రోజు చూసి మురిసిపోయాడు. ఇప్పుడు అదే పీకకు చుట్టుకుంది. రేపు రిజల్టు వస్తే ఊళ్లో ప్రతివాడూ అడుగుతాడు. తొమ్మిదిన్నర వచ్చిందని చెప్పాలా? ఇక ఆ చౌరస్తాలో మొహం ఎట్లా చూపించాలి?

రెండో కిటికీ కింద రోడ్డు మీద రోజూ సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు పోతుంటాయి. వాటిని చూసీ చూసీ బుర్రలో దారంతా గీసి పెట్టుకున్నాడు. పది. ఆ తర్వాత కార్పొరేట్ కాలేజీ. ఆ తర్వాత ఐఐటీ. ఆ తర్వాత గచ్చిబౌలిలో అద్దాల మేడ. ఎక్కడా మలుపు లేదు, ఆగేది లేదు. అంత దారీ వచ్చి వచ్చి ఈ నాలుగు గోడల మధ్య ఆగింది.

మధ్యాహ్నం దాటాక కిటికీ కింద ఈల వినిపించింది. ఉదయ్‌భాస్కర్ బండి మీద కూర్చుని పైకి చూస్తున్నాడు.

“ఎటు పోయినవ్‌రా? ఫోన్ ఎత్తవ్.”

“పరీక్షలు గదరా. ఇంట్ల ఇడుస్తలేరు.”

“నీకే కర్ఫ్యూ పెట్టిండ్రా?” ఉదయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“నవ్వకు. ఆ ట్యూషన్ సార్‌ను పట్టుకొని లెక్కల గెస్ పేపరన్న తేరా. నీ కాల్మొక్త.”

వరండా గోడ మీంచి సుగుణమ్మ తొంగిచూసింది. చేతిలో నీళ్ల చెంబు. ఉదయ్ మారుమాట లేకుండా బండి తిప్పేశాడు.

“లెక్కలు నీకెన్నడన్న వచ్చినయా కొడుకా?” అంది సుగుణమ్మ, వరండా వైపు కిటికీ దగ్గరికొచ్చి. “ఇప్పుడు లొల్లి జేస్తె వస్తయా? జర సప్పుడు చెయ్యకుండ ఉండు. నిన్నడిగింది గంతే.”

“నా బాధ మీకెవ్వరికి సమజ్ గాదు.”

“ఈ ఇంట్ల నీ బాధ తప్ప ఇంకోటి ఇనపడ్తే గద.”

సోమవారం తెల్లారింది. రంజిత్ స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. హాల్‌టికెట్ జేబులో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. రోడ్డు మీద పిల్లలు అట్టలు చంకన పెట్టుకుని పోతున్నారు. ఆటోలు నిండుతున్నాయి, కదులుతున్నాయి.

“అవ్వా,” అని తల్లిని పిలిచాడు, “సెంటరు చేవెళ్లల ఉన్నది. లేటైతే గేటు మూస్తరు. తియ్యి.”

వరండాలో కుర్చీ కిర్రుమంది, అంతే.

“ఏడాది కష్టం మట్టిల కలుస్తదే అవ్వా.” ఈసారి అరవలేదు. తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

మెట్లమీద అడుగుల చప్పుడయింది. వచ్చి గొళ్లెం దగ్గర ఆగింది.

“దీక్షితా, నువ్వేనా? తియ్యమ్మా, టైమైతున్నది. ఇయ్యాల ఒక్క మాట గూడ మాట్లాడ, ఒట్టు.”

గొళ్లెం కదల్లేదు. దీక్షిత గొంతు ఎప్పటిలాగే చిన్నగా వచ్చింది, ఈసారి వణక్కుండా.

“హాల్‌టికెట్ తలుపు కిందికెల్లి ఇటు తొయ్యి డాడీ, పరీక్ష రాసేది నేను, నేను రాసొచ్చేదాంక నువ్వు లోపల్నే ఉండు.”