పెట్టెకి కళ్ళుండవు

ఒరే, నిన్నే! ఆవలింత ఆపి ఇటు సూడు. రాత్రంతా గురకతో ఈధి ఈధంతా లేపీసి, పొద్దున్నే ‘నాను కాదు’ అని ఒట్టేస్తావు సూడు, నువ్వు దొంగవైతే నెల్లిమర్ల బెన్హర్ నీకు గురువు. ఇను.

బెన్హర్‌ది జూట్ మిల్లులో పని. పెళ్ళాం లీలారాణి ఇంటికాడ బట్టలు కుడతాది. పదకొండేళ్ళ కాపురంలో ఆవిడకి ఒకటే కష్టం, మొగుడి గురక. రాత్రి గుర్రుమన్న సప్పుడికి దిగ్గున లేస్తాది. పక్కకి సూస్తే ఆ మహానుబావుడు ఏటీ ఎరగనట్టు కళ్ళు తెరుసుకుని పడుకునుంటాడు. ఎంత నటనో!

పొద్దున్న లేస్తే తల దిమ్ము. కుట్టుమిషను మీదే కునుకు. ఆదివారం పాస్టరు గారు ప్రార్థన మొదలెడితే అందరూ కళ్ళు మూస్తారు. ‘ఆమేన్’ అయ్యాక లీలారాణొక్కర్తీ తెరవదు. ఇదంతా ఎవల వల్ల? మొగుడి వల్ల.

బెన్హర్ ఎదురాడడు. కొత్తలో ఒకసారి ఏదో సెప్పబోయి నాలుగు రోజులు సారన్నమే తిన్నాడు.

“ఈ నెల్లో దీనికి మందు సూడకపోతే మా అక్క శాంతి ఇంటికి ఎల్లిపోతాను. మరి రాను,” అన్నాది లీలారాణి.

“అంతమాటెందుకే! ఇజీనగరంలో నిద్దర డాక్టరున్నాడు. నువ్వూ రా.”

ఎల్లేరు. బెన్హర్ తనే లైన్లో నిలబడి సీటీ రాయించుకొచ్చాడు.

డాక్టరు ఉమాశంకర్ గారు మెల్లిగా అడిగేరు. “పొద్దున్న తలనొప్పి ఉంటుందా? పగలు కునుకు వస్తుందా?”

లీలారాణి మొగుడికి నోరు తెరిసే సందివ్వలేదు. “తల బద్దలైపోతాది బాబూ! ఈయనకేటి, హాయిగా ఉన్నాడు. సచ్చిపోతన్నాది నాను!”

డాక్టరు ఆవిడకేసే సూస్తా అన్నీ రాసుకున్నారు.

“రెండు దారులున్నాయమ్మా. ఒక రాత్రి మా ల్యాబ్‌లో పడుకుంటే తలకీ కాళ్ళకీ వైర్లు పెడతాం. మెదడు ఎప్పుడు నిద్రపోయిందో కూడా తెలుస్తుంది. వైరు ఊడితే సరిచెయ్యడానికి మనిషి ఉంటుంది. కాకపోతే కొత్తచోటు, కొందరికి నిద్రే పట్టదు. ఖర్చూ ఎక్కువే. లేదా ఊపిరి కొలిచే పెట్టె ఇంటికి పట్టుకెళ్ళండి. ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, ముక్కు కింద చిన్న గొట్టం, ఊడకుండా ప్లాస్టరు. మీ మంచం, మీ దుప్పటి. ఊపిరి ఆగితే పట్టేస్తుంది గానీ మెదడు సంగతి తెలీదు. పెట్టెకి కళ్ళుండవు కదా, ఏది ఊడినా చెప్పదు.”

“ల్యాబే మేలండి,” అన్నాడు బెన్హర్.

“రాత్రంతా సూసే మనిషి ఎవలండి?” అన్నాది లీలారాణి.

డాక్టరు పెన్నుతో తలుపుకాడికి సూపించారు. శ్రావణి. పాతికేళ్ళుంటాయి. నవ్వితే బుగ్గన సొట్ట.

“ఈవిడేనా?” బెన్హర్ జుట్టు సవరించుకున్నాడు. “అయితే ల్యాబేనండి. రెండు రాత్రులైనా పర్లేదు.”

లీలారాణి మొగుడి రెక్కట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

“పదకొండేళ్ళల్లో నా కోసం ఒక్కసారి జుట్టు దువ్వేవా మావా?” ఆటో ఎక్కీ ఎక్కగానే అందుకుంది.

“ఎంత మెత్తగా మాటాడిందే! ‘హాయిగా పడుకోండి బెన్హర్ గారూ’ అన్నాది.”

“నువ్వు నిద్దరోతే ఆ గుంట సూస్తాదా? తెల్లవార్లూ?”

“అది దాని డ్యూటీ మరి.”

“నా మొగుడు నిద్దరోతే సూసే డ్యూటీ నాది! ల్యాబూ లేదు, గీబూ లేదు. పెట్టే తెస్తాను.”

“తెస్తే? శ్రావణి గారొచ్చి కట్టాలి గదా...”

“వస్తే కాళ్ళిరగ్గొడతాను. నానే నేర్సుకుంటాను.”

మర్నాడు ఒక్కర్తే ఎల్లి నేర్సుకుంది. శ్రావణి బెల్టు ఆవిడకే బిగించి, క్లిప్పు ఆవిడ వేలికే పెట్టి సూపించింది. ఉన్నంతసేపూ లీలారాణి కళ్ళు ఆ సొట్ట మీదే.

రాత్రి పెట్టె మొగుడికి కట్టింది, దొంగని కట్టినట్టు. బటను నొక్కింది. పచ్చ లైటు. పక్కన కుర్చీ ఏసుకుని కూకుంది. ఆ గుంట కన్నా నానే బాగా సూస్తానని పంతం.

పది నిమిషాలు సూసింది. తరవాత ఎత్తి మంచం మీద పడేసినా తెలీనంత నిద్దర.

తెల్లారి మంచం మీద లేస్తే, మొగుడి గుండెల మీద పెట్టె అలాగే ఉన్నాది. హమ్మయ్య అనుకున్నాది. తన ముక్కు పక్కన ఏదో జిగురుగా తగిలితే కొంగుతో తుడిసీసి, పెట్టె సంకనెట్టుకుని తనే బస్సెక్కింది. ఆ సొట్టబుగ్గ ముందు పెట్టి, “సూడు, ఏటీ ఊడలేదు!” అన్నాది.

వారానికి ఇద్దర్నీ పిలిసేరు.

“గంటకి నలభై రెండుసార్లు ఊపిరి ఆగుతోందమ్మా,” అన్నారు డాక్టరు. “ఇలాగే వదిలేస్తే గుండెకి మంచిది కాదు.”

లీలారాణికి కుళ్ళూ లేదు, కోపమూ లేదు. కళ్ళంట నీళ్ళు. మొగుడి సెయ్యి గట్టిగా పట్టుకుంది. “అయ్యో మావా! ఉత్తి గురకే అనుకుని తిట్టేను గదా!”

“భయం లేదు. ఊపిరి ఆగకుండా గాలి పంపే మిషనుంది. రాత్రిళ్ళు మాస్కు పెట్టుకుని పడుకుంటే చాలు. కాకపోతే చాలామంది నాలుగు రోజులు పెట్టుకుని మానేస్తారు.”

“ఎలా మానుతారండి? ఒక్క రాత్రి కూడా మానడానికి ఈల్లేదు. బైబిల్ మీద ఒట్టు!”

“ఒట్టేసీసినావు. మరి తప్పకూడదే,” అన్నాడు బెన్హర్.

“తప్పను. గాని ఆ గుంట మాత్రం నీ మొహం ముట్టుకోకూడదు.”

శ్రావణి మాస్కు పట్టుకుని లోపలికొచ్చి, బెన్హర్‌ని దాటీసి, మొదటి రోజు నుంచీ ఆ ఫైలు మీదున్న పేరు సదివింది: “లీలారాణి గారూ, మొహం కొంచెం ఇటు తిప్పండి.”