శిక్షకు తగినవాడు

"శిక్ష ఎందుకో తెలియనివాణ్ణి చంపడానికి చట్టం ఒప్పుకోదమ్మా. మతిమరుపు జబ్బుతో అతనికి అన్నీ పోయాయి. మీతో మాట్లాడితే గుర్తొస్తుందేమో," అన్నాడు జైలు డాక్టరు.

ఈ మరణశిక్ష కోసమే వెర్నా ఇన్నేళ్లూ కాచుకుని ఉంది. అద్దానికి అవతల, ఆమె కొడుకుని చంపిన డ్వైట్ ఫోను తలకిందులుగా పట్టుకుంటే వార్డరు సరిచేశాడు.

"నా కొడుకు రస్సెల్‌ని పెట్రోలు బంకులో తుపాకీతో కాల్చేశారు," అంది వెర్నా. "పంతొమ్మిదేళ్లు వాడికి."

డ్వైట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఎంత ఘోరం. అట్లాంటివాణ్ణి ఊరికే వదలకూడదమ్మా. దొరికాడా?"

డాక్టరు కలం పట్టుకుని ఆమెకేసి చూశాడు. 'నువ్వే' అన్న మాట వెర్నా నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు నాయనా," అంది. "నేను ఇక్కడికి వచ్చేసరికే వెళ్ళిపోయాడు."