పొలంతో పోయిన పేరు

నా పొలం కొన్న ఆమ్‌స్టర్‌డామ్‌వాణ్ణి ఊరంతా "రూర్డింక్" అని పిలుస్తోంది. అది మా ఇంటిపేరు! నేనమ్మింది పొలాన్ని గానీ పేరును కాదు.

ఒళ్లు మండి పాత రికార్డుల ఆఫీసుకెళ్లాను.

"ఇదిగో అమ్మాయ్, మూడొందల ఏళ్లుగా ఆ పేరు మాదేనని రాసివ్వు. వాడి మొహాన కొడతా."

గుమాస్తా డీనెకె పెళ్లిళ్ల పుస్తకం తిరగేసింది.

"మీ ముత్తాతల్లో ఒకాయన ఆ పొలానికి కూలికొచ్చాడు, తాతగారూ. ఆ ఇంటి పిల్లనే చేసుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన్నీ రూర్డింక్ అన్నారు. మనవైపు అంతేగా, పొలంలో ఎవరుంటే వాళ్లకే దాని పేరు."

"మరి అంతకుముందు మా ఇంటిపేరు?"

"ఇక్కడ ఖాళీగా వదిలేశారు."

వచ్చినవాళ్లు సంతకం పెట్టే పుస్తకం నా ముందుకు తోసింది. "గారిట్" అని నా పేరు రాశాను.

ఆ తర్వాత కలం కదిలి చస్తేగా!