తెల్ల గోడ ముందు ఫోటో

“నవ్వొద్దని సెప్పు దానికి! మొన్న ఆ నవ్వే కొంప ముంచింది.”

ధనలక్ష్మి అరుపుకి జిరాక్సు కోసం నిలబడ్డ ఇద్దరూ ఇటు తిరిగారు. సింధూరి మాత్రం తల తిప్పలేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో నాలుగేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్న పిల్ల. ఇంతకంటే పెద్ద గొంతులే విన్నది.

“నవ్వు వల్ల కాదమ్మా. ఫోటోని కత్తిరించి పంపింది కదా, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉండిపోయింది. అందుకే వీసా కాదన్నారు.”

“ఇంకెవరిదో ఏటే? ఆ సెయ్యి ఎవరిదో నాకు తెల్దా? ఆ ఏలికి ఉంగరం సేయించింది నేనే!”

ఆ చెయ్యి గలవాడు పన్నెండేళ్లు ఓడల మీద వంటపని చేశాడు. ఏడాదికో నెల ఇంటికొచ్చేవాడు. మిగతా సెలవంతా మనీలాలో రోసలిన్ దగ్గర. నిరుడు పక్షవాతం కొడితే తీసుకొచ్చి శ్రీకూర్మంలో మంచం మీద దింపారు. రోసలిన్ సంగతి అప్పుడే బయటపడింది. నెల్లాళ్లుగా ముద్ద పెడితే ఉమ్మేస్తున్నాడు, పాలు తప్ప ఏమీ దిగడం లేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

రోసలిన్ కోసం కంప్యూటర్లోనే టూరిస్టు వీసాకి పెట్టుకోవచ్చని ఎవరో చెబితే ధనలక్ష్మి బస్సెక్కి ఇక్కడికొచ్చింది. మొదటిసారి పక్క సెంటర్లో నింపించింది, ఇది రెండోసారి.

సింధూరి ఆమె ఫోన్ తీసుకుని రోసలిన్‌కి ఇంగ్లీషులో కొట్టింది. తెల్ల గోడ ముందు, ఒక్కతే, నవ్వకుండా. వెంటనే జవాబొచ్చింది.

“ఎలా ఉన్నాడని అడుగుతోందమ్మా.”

“బతికే ఉన్నాడని కొట్టు. నేనింకా పీక పిసకలేదని కొట్టు!”

సింధూరి మొదటి ముక్క మాత్రం కొట్టింది. పది నిమిషాల్లో ఫోటో దిగింది. గుండ్రటి మొహం, ఉబ్బిన కళ్లు.

“ఇదేటి, ఏడిసినట్టున్నాది?”

“ఏడిస్తే పర్వాలేదమ్మా. గోడ తెల్లగానే ఉంది.”

ధనలక్ష్మి ఆ మొహాన్ని కాసేపు చూసి ఫోన్ బోర్లించేసింది. సింధూరి ఒక్కో గడీ నింపుతూ పోయింది.

“పుట్టిన సంవత్సరం చూశారా? చిన్నపిల్లేం కాదు.”

“ఆ సంగతి ఆడికి తెలాల!”

“పెళ్లయిందా అని ఫారంలో అడుగుతున్నారు.”

“కాలేదని కొట్టు. నేను బతికుండగా, నాకు తెలీకుండా సర్చీలో పక్కపక్కన నిలబడితే పెళ్లయిపోద్దేటి?”

ఇంతలో ఫోన్ మోగింది. కొత్తవలస నుంచి తమ్ముడు మురళీమోహన్. స్పీకర్ పెట్టకుండానే గొంతు బయటికి వినిపిస్తోంది.

“అక్కా, నీకు మతిగాని పోయిందేటి? ఆడు సేసిన పనికి సెప్పుచ్చుకు కొట్టాల. నువ్వు దాన్ని పిలిపించి హారతిస్తావా? ఊళ్లో తలెత్తుకోగలమా?”

“నీ తల నువ్వెత్తుకో! ఇక్కడ ఆడికి ముద్ద దిగట్లేదు. నువ్వొచ్చి తినిపిస్తావేట్రా?”

ఫోన్ కట్టేసి సంచిలో పడేసింది. కళ్లు తడిశాయి. తడిసినందుకు ఇంకా కోపమొచ్చి కొంగుతో గట్టిగా రుద్దుకుంది.

“ఒళ్లు మండిపోతన్నాది పాపా. దాని జుట్టట్టుకుని ఈడ్సాలనుంది. రేయనకా పగలనకా రోసీ, రోసీ అని ఆడి కలవరింతలు! అదొచ్చి పక్కన కూకుంటే రెండు ముద్దలు తింటాడు. తిననీ. ముందు బతకనీ. తర్వాత ఇద్దర్నీ కడిగేస్తాను.”

సింధూరి కీబోర్డు వదిలి ఆమె వైపు తిరిగింది. “మీలాంటి అత్తగారు ఎవరికి దొరుకుతారమ్మా!”

“సాల్లే, పని సూడు.”

చివరి పేజీ వచ్చింది.

“ఇక్కడ ఎవరి దగ్గరికి వస్తోందో ఆ మనిషి పేరు కావాలమ్మా.”

పొద్దుట్నుంచీ అరుస్తున్న ధనలక్ష్మి సంచి మూతి విప్పడం మొదలెట్టింది.

“తొందరగా చెప్పండమ్మా. పేజీ పోయిందంటే మళ్లీ మొదట్నుంచి కొట్టాలి.”

ధనలక్ష్మి సంచిలో వెతికి నలిగిపోయిన మందుల చీటీ తీసి కీబోర్డు మీద పెట్టింది. “ఇందులో ఉన్నాది.”

“డాక్టరు రాత నాకర్థం కాదు. నోటితో చెప్పండి.”

“సదువుకున్నావు కదే! కూడబలుక్కో!”

సింధూరి చీటీని ట్యూబ్‌లైటు కిందకి ఎత్తి పట్టుకుంది. “జగ... జగన్నా... జగన్నాధమా?”

ధనలక్ష్మి తలూపింది. సింధూరి పేరు కొట్టి, ఊరు కొట్టి, మీట నొక్కింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. దరఖాస్తు వెళ్లిపోయింది.

“హమ్మయ్య!” సింధూరి నవ్వేసింది. “ఊరంతా వినిపించేలా తిట్టారు. కొడుకు పేరు చెప్పడానికి మాత్రం నోరు రాలేదా అమ్మా?”

ధనలక్ష్మి చీటీ మడిచి రొంటిన దోపుకుంది.

“మొగుడి పేరు ఎలాగ సెప్తానే?”