తల మీద చెయ్యి

...బిడ్డే పోయుంటుంది, లేకపోతే డాక్టరు ఇన్నాళ్లు ఊరుకోడు, ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు, అనుకుంటున్నాడు సంపత్కుమార్.

లాబ్ కిటికీకి రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయి. ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. అతనూ తెరవలేదు.

పుట్టుకతోనే తలలో నీరు చేరే పసిబిడ్డల కోసం ఆ గొట్టం. మెత్తటి సిలికోన్ గొట్టం. చర్మం కిందుగా పోయి, ఆ నీటిని కడుపులోకి దించాలి. కుందేళ్లలో నిలిచింది. మద్రాసు డాక్టరు సుందరరాజు బిడ్డకు పెట్టి చూస్తానని ఒక గొట్టం తీసుకుపోయి ఏడాది దాటింది. ఉత్తరం ముక్క లేదు.

ఆ రోజు నుంచి, మొహం తెలియని బిడ్డ ఒకటి ఈ గదిలో అతనితోపాటే ఉంటోంది.

ఇక తనవల్ల కాదనుకున్నాడు. ఈ పూట లాబ్ తాళంచెవి ఇచ్చేస్తే పని మూతపడుతుంది. అటెండరు పరంధామయ్య దానికోసమే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సార్, మీకింకో భక్తుడు."

పరంధామయ్య వెనక ఒక గుండాయన. తలనిండా గంధం.

"బస్టాండు ఆ పక్క అప్పా," అన్నాడు సంపత్కుమార్.

"దారి తప్పలేదు సామీ. కొండ మింద మొక్కు తీరిపాయ. ఇంకొకటి ఈడ ఉండాది."

"ఇక్కడేం మొక్కు?"

"ఒక్క తూరి నా తల మింద సెయ్యి పెట్టండి."

తన నుదుటి నామం చూసి ఇట్లా అడిగేవాళ్లు అతనికి కొత్త కాదు. ఈ రోజు మాత్రం ఓపిక లేదు. ఈ చేతులతో దీవెనా?

"నేను అర్చకుణ్ణి కాదు. కెమిస్ట్రీ చెప్పుకునేవాణ్ణి."

"తెలుసు సామీ."

"తెలిసీ అడుగుతావా? పోప్పా, పో."

గుండాయన గది నలుమూలలా చూశాడు, గుడిలో చూసినట్టు. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"పెట్టుంటే పోయేది గదా సార్, చెయ్యేం అరిగిపోతుందా?" అన్నాడు పరంధామయ్య.

పక్క గదిలో ఫోను మోగింది. మద్రాసు నుంచి ట్రంకు కాల్.

"మావాడు వచ్చినాడా?" సుందరరాజు గొంతు.

"ఎవరు?"

"మునివెంకటప్ప. పాకాల మనిషి. మీ గొట్టం బిడ్డలకు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనకూ తలలో నీళ్లే. బయటిదేశం గొట్టం ఉంది, అది పెడతానన్నా. వద్దు సారూ, బిడ్డలకన్నా ముందు నాకు పెట్టి చూడు, అన్నాడు. ఏడాది నిండాలని మీకు చెప్పకుండా ఆగినా. చెవి వెనక వేలు పెట్టి చూడండి, మీ గొట్టం తగులుతుంది."

సంపత్కుమార్ వీధిలోకి పరుగెత్తాడు.

వీధినిండా గుండ్లు. అన్నిటికీ గంధం.

వాటిలో ఏదో ఒకదానిలో, అతను చేసిన గొట్టం గుండా నీరు దిగుతూ ఉంది.

"తాళంచెవి, సార్," వెనకనుంచి చెయ్యి చాచాడు పరంధామయ్య.

సంపత్కుమార్ దాన్ని జేబులో వేసుకున్నాడు.