దండాలు, శంకువులు

"ఏట్రా గుమస్తా, నువ్వు కళ్లారా సూసినావా? ఆ కళ్లే పీకేత్తాను!"

మేస్త్రీ ఎల్లారావు ఊపిన బస్తాల కొక్కెం రత్నరాజు చెవిని చీల్చుకుంటూ పోయింది. మెడ మీదికి రక్తం కారింది. నిరుడు విశాఖ రేవులో కళాసీ నూకాలును కొట్టి చంపింది ఎవరో రేపు కోర్టులో చెప్పవలసినవాడు రత్నరాజు ఒక్కడే. మధ్యాహ్నం, భోజనాల వేళ. ఓడ మీద ఇంకెవరూ లేరు.

నడినెత్తిన ఎండ. రత్నరాజు పరుగు తీశాడు. ఓడ అడుగున సరుకు నింపే హోల్డులోకి ఇనుప నిచ్చెన మీదుగా జారిపోయాడు. మనిషి పట్టే ఆ సందు తప్ప పైన మూతలన్నీ వేసి ఉన్నాయి. లోపల కాటుక చీకటి. గోధుమ బస్తాల వెనక నక్కాడు. తడుముకుంటే చేతికి ఒక ఇనుప కడ్డీ తగిలింది.

ఎల్లారావు దిగలేదు. ఐదు నిమిషాలు. పది. పావుగంట.

మెల్లగా బస్తాల అంచులు తేలాయి. ఆ తర్వాత నిచ్చెన మెట్లు. బియస్సీలో చదివిన పాఠం గుర్తొచ్చి రత్నరాజుకు ఒంట్లోకి ధైర్యం వచ్చింది. తనకు కనిపిస్తోంది. ఎండలోంచి వచ్చేవాడికి కనిపించదు.

నిచ్చెన కిర్రుమంది. కొక్కెంతో ఎల్లారావు దిగాడు. అతని ఎర్ర తలగుడ్డ ఆ చీకట్లో నల్లగా కనిపించింది. వదులై ఎడమ కంటి మీదికి జారి ఉంది. అది సర్దుకోవాలన్న ధ్యాస కూడా లేదు మనిషికి. గాలిని తడుముతూ బస్తాకు తగిలి తూలాడు.

"ఎక్కడున్నావురా?"

"నీ ఎదురుగానే మేస్త్రీ!" అంటూనే రత్నరాజు పక్కకు దూకాడు. కొక్కెం బస్తాలో దిగబడింది. ఎల్లారావు దాన్ని పెరకగానే గోధుమలు జలజల రాలాయి.

"కనపడదులే. కంట్లో శంకువులూ దండాలూ అని రెండు రకాల కణాలుంటాయి. ఎండలో పనిచేసేవి శంకువులు, చీకట్లో పనిచేసేవి దండాలు. నీ దండాలు మేలుకోవాలంటే పావుగంట పడుతుంది."

"నువ్వెన్ని దండాలెట్టినా వొగ్గనురా!"

కడ్డీ ఎల్లారావు వీపు మీద దబ్బున పడింది. "ఓలమ్మా!" అంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

రత్నరాజుకు నూకాలు పగిలిన తల కళ్లముందు మెదిలింది. నేరుగా వెళ్లి ఎల్లారావు ముందు నిలబడ్డాడు. గుడ్డివాణ్ని కొట్టడానికి తొందరేముంది? నడినెత్తికి గురి చూసుకుని, తీరిగ్గా కడ్డీ ఎత్తాడు.

ఎల్లారావు తలగుడ్డ పైకి తోసుకున్నాడు. కడ్డీ దిగేలోపే దిగ్గున లేచాడు. అతని ఎడమచెయ్యి ఎక్కడా తడబడకుండా వచ్చి రత్నరాజు గొంతు పట్టుకుంది. కొక్కెం మొన కంటిరెప్ప కింద ఆనింది.

"ఆ పేర్లు నాకు తెల్దు బాబూ. కళాసీలం. సీకట్లోకి దిగేముందు ఓ కంటికి గుడ్డ కప్పీసి, పైనే కూకుని ఓ సుట్ట కాల్సుకుంటాం," అన్నాడు ఎల్లారావు. "నీకోసం రెండు కాల్సినాను."