పసుపు బొట్టు పెట్టిన కార్డు

మా ఇంట్లో గీజరు కూడా నా అలవాట్లు కనిపెట్టి, నోరు తెరిచి సలహాలిస్తుంది. అందుకే నా గురించి ఏమీ తెలియని వస్తువు ఒక్కటైనా కావాలనిపించింది. మా ఆయన ఫణీంద్ర ఎక్కడో వెతికి, బొమ్మల్ని బట్టి జోస్యం చెప్పుకునే టారో కార్డులు తెచ్చిపెట్టాడు. "పాతకాలంవి. వట్టి కాగితం, ఒట్టు," అన్నాడు. కొత్త వస్తువు కదా అని, పైనున్న సూర్యుడి కార్డు మూలన పసుపు బొట్టు పెట్టాను.

కూర కలుపుతూ, అన్నం వారుస్తూ ఒక్కో బొమ్మకీ అర్థం నేర్చుకున్నాను. విశాఖలో ఉద్యోగానికి వెళ్ళనా అని ఎప్పుడడిగినా, పిడుగు పడి కూలుతున్న బురుజే వచ్చేది. వద్దన్నట్టు. రెండు ఉద్యోగాలు వదులుకున్నాను.

ఇవాళ ఇంకో పిలుపొచ్చింది. కార్డు తీశాను. మళ్ళీ బురుజే. కానీ దాని మూలన నా పసుపు బొట్టు ఉంది.

"ఇది సూర్యుడి కార్డు కదా ఫణీ, బురుజెలా అయింది?"

తల దించుకున్నాడు. "నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది సుమేధా."

"ఆ ముక్క నాతో చెప్పచ్చుగా! గీజరుకున్నపాటి నోరైనా లేదా నీకు?"

అతని చెయ్యి మెల్లగా ఫోనున్న జేబులోకి పోయింది. నా వేళ్ళ మధ్య బురుజు చెరిగిపోయి, ప్రేమికుల బొమ్మ వచ్చింది.